రంగు పట్టని కణాలు

తమ్ముడి ఒంటి మీద ఆ రోజు మూడు చుక్కలు పొడిచారు. బొడ్డు కింద ఒకటి, తుంటికి అటొకటి, ఇటొకటి. సోమవారం మొదలయ్యే రేడియేషన్ ఐదు వారాల పాటు రోజూ అదే చోట పడాలి కాబట్టి ఆ గుర్తులు.

"పదహారో ఏట పచ్చబొట్టు పొడిపించుకుంటానంటే నాన్న చెప్పు తీశాడు. ఇప్పుడు చూడు, అడక్కుండానే మూడు," అన్నాడు చొక్కా కిందికి లాక్కుంటూ.

అక్క నవ్వలేదు. కుర్చీలో కూర్చోవడం, లేవడం, గోడ మీద అంటించిన కాగితాలు చదవడం, మళ్ళీ కూర్చోవడం. పొద్దుటి నుంచీ ఇదే వరస. ముప్ఫై ఏళ్ళుగా ఇదే ఆసుపత్రిలో పనిచేస్తున్న మనిషి కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే, ఇద్దరిలో రోగి ఎవరో చూసేవాళ్ళకి తెలియడం లేదు.

ఆమెది పెథాలజీ ల్యాబు. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కని మైనం దిమ్మలో బిగించి, ఆ దిమ్మని మెషిన్ మీద వెంట్రుక కంటే సన్నటి పొరలుగా కోసి, స్లైడు మీదికి ఎక్కించడం ఆమె పని. డాక్టర్లు మైక్రోస్కోపులో తల దూర్చి చూసేదంతా ఆమె కోసిన పొరనే. ముడత ఉండదు, గీత ఉండదు, చిరుగు ఉండదు. అందుకే అందరూ ఆమెని బ్లేడక్క అంటారు. మంచి పేరు వస్తే మనిషి దాన్ని కాపాడుకోవడానికి పనికి మించిన పని చేస్తాడు. ఆమె చేసిందీ అదే, కాకపోతే అది ఆమెకి ఇంకా తెలియదు.

తమ్ముడు ఈత నేర్పే కోచ్. ముప్ఫై తొమ్మిదేళ్ళు. కొలనులో పిల్లలు చేప సారు అని పిలుస్తారు. రెండు నెలల కిందట విరేచనంలో నెత్తురు కనపడింది. మొలలే కదా అని నెలరోజులు నాన్చాడు. తీరా గొట్టం వేసి చూస్తే పెద్దపేగు చివర, మలద్వారానికి రెండు వేళ్ళ ఎడంలో గడ్డ. రేడియేషన్ ఇచ్చి, తర్వాత ఆ భాగమంతా తీసేసి, కింద కుట్టేస్తారు. ఇక జీవితాంతం పొట్ట మీద సంచి.

"సంచితో ఈత కొట్టేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు," అంది నర్సు. అబద్ధం కాదు, ఉన్నారు.

"కొట్టొచ్చులెండి. 'అదేంటి సారూ' అని పిల్లలు అడుగుతారు కదా," అన్నాడు. జబ్బు బయటపడ్డాక వాడు జోకు లేకుండా అన్న మాట అదొక్కటే.

ఇంకో దారి ఉందని క్యాన్సర్ డాక్టరు మొదట్లోనే చెప్పాడు. కణాలు రెట్టింపయ్యేటప్పుడు పుస్తకాల్లో లాగే అచ్చుతప్పులు పడుతుంటాయి. వాటిని దిద్దడానికి నాలుగు ప్రొటీన్లు ఉంటాయి. ఏదైనా గడ్డలో ఆ దిద్దేవాళ్ళు లేకపోతే తప్పులు కుప్పలు పడి, ఒంట్లోని కాపలా కణాలకి ఆ గడ్డ దొంగలా కనపడుతుంది. పట్టుకోవడానికి వెళ్తే గడ్డ వాటికి బ్రేకు వేస్తుంది. ఆ బ్రేకు తీసే మందుని డ్రిప్పులో ఎక్కించడమే ఇమ్యూనోథెరపీ. ఇలాంటి చోట ఇలాంటి గడ్డ ఉన్నవాళ్ళు నూటికి పట్టుమని పదిమంది కూడా ఉండరు. ఉన్నవాళ్ళలో చాలామందికి మందుతోనే గడ్డ కరిగిపోతోంది, కత్తి దాకా పోవలసిన పని ఉండడం లేదు. అందుకని నాలుగు ప్రొటీన్లకీ నాలుగు స్లైడులు చేసి చూశారు. ప్రొటీన్ ఉన్న కణానికి గోధుమరంగు పడుతుంది, లేనిదానికి పట్టదు. నాలుగూ ఉన్నాయని రిపోర్టు వచ్చింది. అంటే దిద్దేవాళ్ళున్న మామూలు గడ్డ. ఆ దారి మూసుకుపోయింది.

నర్సు చివరి కాగితం తీసింది. "మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా?"

"లేదండీ."

ఆమె 'లేదు' దగ్గర టిక్కు పెట్టి, మాటవరసకి అడిగింది. "అమ్మగారు ఉన్నారా?"

"పోయింది. నలభై ఆరుకే. ఏదో ఆడవాళ్ళ జబ్బు. మా మేనమామ కూడా అంతే, నలభై ఒకటికి కడుపునొప్పితో పోయాడు. మా అమ్మ వైపు వాళ్ళకి ఆయుష్షు మీద ఆశ తక్కువ."

పక్క గదిలోంచి ఎవరో పిలిస్తే నర్సు లేచి వెళ్ళిపోయింది. అక్క మాత్రం ఉన్నచోటే నిలబడిపోయింది, పొద్దుటి నుంచి మొదటిసారి.

ఆడవాళ్ళ జబ్బు కాదు. అమ్మకి గర్భసంచిలో క్యాన్సర్. అప్పటికి వాడికి తొమ్మిదేళ్ళు, ఆమెకి ఇరవై ఒకటి. మామయ్యది కడుపునొప్పి కాదు, పేగులో క్యాన్సర్. వాళ్ళింట్లో ఆ మాట ఎవరూ అనలేదు. అంటే ఎక్కడ విని గడప దాటి లోపలికొస్తుందో అన్నట్టు నోరు కట్టుకున్నారు. ఆమె కూడా కట్టుకుంది. గర్భసంచి, పేగు, చిన్న వయసు, ఒకే రక్తం. ఈ నాలుగూ ఒక ఇంట్లో కలిస్తే ఆ దిద్దే ప్రొటీనే పుట్టుకతో లోపించిందేమో చూడమని డాక్టర్లు చెప్పుకోవడం ఆమె ముప్ఫై ఏళ్ళుగా వింటూనే ఉంది. దీపం కిందే చీకటి. సొంతింటి దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క ఆమెకి తట్టలేదు.

అలాంటి ఇంట్లో నాలుగూ ఉన్నాయని రిపోర్టు ఎలా వచ్చింది?

"నువ్వు ఇంటికి పోరా. నాకు పనుంది," అని లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కింది.

ల్యాబులో భోజనాల వేళ, ఎవరూ లేరు. సొరుగులోంచి తమ్ముడి నంబరు స్లైడులు తీసింది. ముందు చేసిన మామూలు స్లైడు ఒకటి, తర్వాత చేసిన నాలుగు. ఆమె డాక్టరు కాదు, మైక్రోస్కోపు జోలికి పోలేదు. కిటికీ దగ్గరికెళ్ళి ఐదింటినీ వెలుగుకి పట్టుకుంది. ముక్కల ఆకారాలు ఆమెకి మనుషుల మొహాల్లా గుర్తుంటాయి. మొదటి స్లైడులో ఐదు ముక్కలు. వాటిలో మూడు ముదురు ఊదా రంగులో దట్టంగా ఉన్నాయి, అదే గడ్డ. తర్వాతి నాలుగింటిలో ముక్కలు రెండే. రెండూ పల్చగా, లేతగా ఉన్నాయి.

గడ్డ ముక్కలు వాటిలో లేనే లేవు.

సొంతవాళ్ళ ముక్క సొంత చేత్తో కోయకూడదని ఆ ల్యాబులో ఆచారం. రాసిపెట్టిన రూలు కాదు, కానీ అందరూ పాటిస్తారు. ఆ రోజు మొదటి స్లైడు పక్క సీటు టెక్నీషియనే కోశాడు. దాని మీద రెండు గీతలు పడ్డాయి. నాలుగు స్లైడుల పరీక్షకి అదే దిమ్మ మళ్ళీ వచ్చినప్పుడు ఆమె ఆగలేక, "ఇటివ్వు, మావాడిది నేను చూసుకుంటా," అని లాక్కుంది. దిమ్మని మెషిన్‌లో మళ్ళీ బిగిస్తే కోణం వెంట్రుకవాసి మారుతుంది. మామూలుగా ఉన్నదున్నట్టు నాలుగు పొరలు తీసుకుని ఊరుకోవాలి. ఒకటి సగమే వచ్చింది. తమ్ముడి స్లైడు సగం ఉండడమేమిటి? నిండుగా రావాలి, అద్దంలా ఉండాలి. సాపు కోసం కోసింది, ఇంకా కోసింది. మైనం రిబ్బను చెత్తబుట్టలోకి జారిపోతూనే ఉంది. చివరికి నాలుగు పొరలు అందంగా వచ్చాయి. అంత అందమైన పొరలు ఆ నెలలో ఎవరూ కోయలేదు. గడ్డంతా బుట్టలోకి పోయింది. అతి చేస్తే గతి చెడుతుందని ఊరికే అనలేదు పెద్దలు.

రిజిస్టరులో కోసినవాళ్ళ సంతకం మాత్రం పక్క సీటు టెక్నీషియన్‌ది. ఆమె దాన్ని రెండుసార్లు చూసింది. చూసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మూడోసారి చూసింది. నోరు మూసుకుంటే ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. సోమవారం రేడియేషన్ మొదలవుతుంది, తర్వాత కత్తి, తర్వాత సంచి. అందరూ తలరాత అనుకుంటారు.

ఐదు స్లైడులూ ట్రేలో పెట్టుకుని పెద్ద డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది. ల్యాబుకి ఆవిడే పెద్ద. ముక్కు మీద కోపం, నోట్లో తక్కువ మాటలు.

"మేడమ్, ఇది మా తమ్ముడిది. నేనే కోశాను. గడ్డ పోగొట్టాను."

పెద్ద డాక్టరమ్మ ట్రే అందుకుంది. మైక్రోస్కోపులో నాలుగూ చూసింది, మొదటిదీ చూసింది. చూస్తున్నంతసేపూ అక్క తలుపు పిడి పట్టుకుని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉంది.

"గడ్డ ఏదీ ఇందులో? అంతా మామూలు పొరే. మామూలు కణాలకి గోధుమరంగు పట్టక ఏం చేస్తుంది? దాన్ని చూసి మన చిన్న డాక్టరు అన్నీ ఉన్నాయని రాసేశాడు. నువ్వు గడ్డని పారేశావు, అతను లేని గడ్డకి సర్టిఫికెట్ ఇచ్చాడు. దొందూ దొందే." కళ్ళజోడు తీసింది. "సొంతవాళ్ళది ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"చెప్పారు. నేనే వినలేదు."

"దిమ్మలో ఏమైనా మిగిలిందా?"

"లేదు మేడమ్. కొత్త ముక్క తీయాల్సిందే. ఇంకో సంగతి, మా అమ్మకి గర్భసంచి క్యాన్సర్. మామయ్యకి పేగు. వాడికి తెలియదు, కాగితంలో లేదని చెప్పాడు."

పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తిట్టలేదు. ఫోన్ అందుకుని రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నట్టు క్యాన్సర్ డాక్టరుకి చెప్పింది. అవతల ఆయన అంటున్నది గదంతా వినపడింది. "ఒక వారం ఆగితే కొంపలేం మునగవు. తప్పు రిపోర్టు పట్టుకుని మొదలుపెడితే మునుగుతాయి. రేప్పొద్దున్నే పంపండి, నేనే ముక్క తీయిస్తాను."

తమ్ముడింటికి వెళ్ళేసరికి సాయంత్రం ఐదైంది. మరదలు తలుపు తీసింది. చెప్పులు విప్పకముందే ఉన్నదంతా చెప్పేసింది అక్క. కూర్చుంటే చెప్పలేనేమోనని నిలబడే చెప్పింది.

మరదలి మొహం ఎర్రబడింది. "మీ చేత్తో అయితే ఆయనకి మంచిదన్నారు కదా వదినా! నేను ధైర్యంగా ఉన్నదే ఆ మాట మీద."

"అన్నానమ్మా."

"ఇప్పుడు మళ్ళీ మొదటికొచ్చిందా?"

"అక్కనెందుకు అంటావ్?" తమ్ముడు అడ్డుపడ్డాడు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతైనా ఫరవాలేదని నేనే ఉబ్బిపోయాను. మనవాళ్ళు కాబట్టి గిన్నె ఊడ్చిమరీ వడ్డించారు." అని అక్క వంక తిరిగాడు. "మళ్ళీ ఆ గొట్టమా?"

"మళ్ళీ అదే."

"నువ్వు చెప్పకపోతే ఎవరికైనా తెలిసేదా?"

"తెలిసేది కాదు."

వాడు మంచినీళ్ళ గ్లాసు ఎత్తి ఆగకుండా మొత్తం తాగేశాడు. "రేపు ఎన్నింటికి?"

అమ్మ సంగతి, మామయ్య సంగతి మాత్రం ఆ సాయంత్రం ఆమె వాడికి చెప్పలేదు. డాక్టరమ్మకి చెప్పగలిగిన మాట తమ్ముడికి చెప్పలేకపోయింది. అలవాటు అలాంటిది.

శుక్రవారం ముక్క తీశారు. ఈసారి పక్క సీటు టెక్నీషియన్ కోశాడు. ఆమెని ఆ గదిలోకే రావద్దన్నారు. రావద్దంటే ఎక్కడికి పోవాలి? వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. కడిగిన గాజు గిన్నెలు మళ్ళీ కడిగింది. స్లైడు పెట్టెల మీద చీటీలు పీకి కొత్తవి అంటించింది. శనివారం వంటింట్లో డబ్బాలన్నీ దించి, సర్ది, ఎక్కించి, నచ్చక మళ్ళీ దించింది. ఆదివారం మాటిమాటికీ తమ్ముడికి ఫోన్ చేసి ఏం మాట్లాడాలో తెలియక పెట్టేసింది. "అక్కా, నాకు జబ్బు, నీకు కాదు. కాస్త పడుకో," అన్నాడు వాడు ఆరోసారి.

ఆ మాటకే ఆమెకి చెమట పట్టింది.

ఎందుకంటే తను కోరుకుంటున్నదేమిటో అప్పుడు మాటల్లోకి వచ్చింది. ఆ ప్రొటీన్ లేదని తేలాలి. స్లైడు మీద రంగు పట్టకూడదు. రంగు పట్టకపోతే తమ్ముడికి కత్తి తప్పుతుంది. రంగు పట్టకపోతే ఆ లోపం అమ్మ దగ్గర్నుంచి వచ్చినట్టే. అమ్మకి ఇద్దరు పిల్లలు. ఆ ఇద్దరిలో పెద్దదానికి ఇరవై నాలుగేళ్ళ కూతురు చిట్టి, వేరే ఊళ్ళో ఉద్యోగం.

కక్కలేదు, మింగలేదు. సోమవారమంతా మనసులో అదే పాట: రంగు పట్టొద్దు, పట్టొద్దు. అంటూనే, కూతురి మొహం గుర్తొచ్చి, ఆ కోరిక కోరినందుకు చెంపలు వాయించుకోవాలనిపించేది. మళ్ళీ, పిల్లలు 'అదేంటి సారూ' అని అడుగుతారన్న తమ్ముడి మాట గుర్తొచ్చేది. రంగు పట్టొద్దు.

మంగళవారం మధ్యాహ్నం పెద్ద డాక్టరమ్మ కబురు పంపింది. గదిలో ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు ఉంది.

"కూర్చో. చూడు."

ఆమె కళ్ళు ఆనించింది. అంచుల్లో మామూలు కణాలన్నీ గోధుమరంగులో ఉన్నాయి. రంగు సరిగ్గానే పనిచేసింది, అనుమానం లేదు. వాటి మధ్య గడ్డ. కణం పక్కన కణం, వేలకొద్దీ, ఒక్కదానికీ గోధుమరంగు లేదు. నీలంగా, ఖాళీగా ఉన్నాయి.

"నాలుగింటిలో రెండు లేవు. జంటగా పోయేవే పోయాయి. మీ క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడాను. రేడియేషన్ ఇక వద్దన్నారు, ఎల్లుండి మొదటి డ్రిప్పు. మూడు వారాలకొకటి. అందరికీ పనిచేస్తుందని రాసివ్వలేను, కానీ ఈ రకం గడ్డకి ఇంతకంటే మంచి అవకాశం ఇప్పుడు లేదు."

అక్క కళ్ళు ఇంకా మైక్రోస్కోపులోనే ఉన్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. అద్దం మసకబారిపోయింది.

"పుట్టుకతో వచ్చిందో కాదో రక్తపరీక్షలో తేలుతుంది," అంది డాక్టరమ్మ, ఈసారి కాస్త మెత్తగా. "ముందు మీ తమ్ముడికి. అతనికుంటే నీకూ ఉండే అవకాశం సగానికి సగం. నీకుంటే..."

"తెలుసు మేడమ్."

"తెలిస్తే మంచిది. ముందుగా తెలిసినవాళ్ళకి ఏటా గొట్టం వేసి చూస్తాం, చిన్నగా ఉండగానే తీసేస్తాం. మీ అమ్మ కాలంలో ఆ వీలు లేదు."

కొలను దగ్గరికి వెళ్ళేసరికి పిల్లల క్లాసు అయిపోయింది. తమ్ముడు గట్టు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో వేలాడేసి, తాళ్ళు చుడుతున్నాడు. చెప్పింది. వాడు తాళ్ళు వదిలేసి, తల వెనక్కి వాల్చి, పైకప్పు అదిరేలా ఈల వేశాడు. "మా అక్క బ్లేడుకి తిరుగులేదు! ఒకసారి పారేసినా రెండోసారి పట్టుకొచ్చింది."

"కోసింది నేను కాదురా."

"ఎవరైతేనేం. నాలో దిద్దేవాడు లేకపోవడమే నాకు కలిసొచ్చిందన్నమాట. బళ్ళో కూడా నా నోటుబుక్కు ఎవరూ దిద్దేవాళ్ళు కాదు." అని నవ్వి, నవ్వుతూనే అడిగాడు. "అయినా, నాకెందుకు లేదు? ఎక్కడ పోయింది?"

ఇక దాచడానికి ఏమీ లేదు. చెప్పింది. అమ్మది ఏ జబ్బో, మామయ్యది ఏ జబ్బో చెప్పింది. ముప్ఫై ఏళ్ళుగా ఇంట్లో ఎవరూ అనని మాట రెండుసార్లు అంది.

వాడు నవ్వడం ఆపేశాడు. నీళ్ళలో కాళ్ళు కదలడం ఆగింది. వాడు మొద్దు కాదు, లెక్క వేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అయితే నీకు?"

"సగానికి సగం."

"ఈ సంగతి ఎప్పుడు తెలిసింది?"

"గురువారం."

"గురువారం నుంచీ నాకు రంగు పట్టొద్దని కూర్చున్నావా? ఇది తెలిసే కోరుకున్నావా?"

"తెలిసే కోరుకున్నాను." వాడి పక్కన గట్టు మీద కూర్చుంది. "భయమేస్తోందిరా. నాకోసం కాదు. కాదంటే అబద్ధం, నాకోసం కూడా."

వాడు ఏ జోకూ వేయలేదు. తడి చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత అడిగాడు. "చిట్టికి చెప్పావా?"

"లేదు."

"నీ రక్తపరీక్ష అయ్యాక చెప్పొచ్చులే. ముందే ఎందుకు దాన్ని బెదరగొట్టడం?"

"అమ్మ కూడా అలాగే అనుకుని ఉంటుంది." ఫోన్ బయటికి తీసింది. వేళ్ళు రెండుసార్లు తప్పు పేరు మీద పడ్డాయి. మూడోసారికి మోగింది.

"ఏంటమ్మా ఈ టైములో? ఆఫీసులో ఉన్నాను. మామయ్యకి ఏమైంది?"

"మామయ్య బాగానే ఉన్నాడు. మందు దొరికింది వాడికి. నువ్వు ఒక్క ఐదు నిమిషాలు పక్కకి రా."

తలుపు తీసిన చప్పుడు, నడిచిన చప్పుడు, మళ్ళీ తలుపు మూసిన చప్పుడు వినపడ్డాయి.

"వచ్చాను. చెప్పు."

"మీ అమ్మమ్మ దేనితో పోయిందో నీకెప్పుడూ చెప్పలేదు కదా," అంది ఆమె. "క్యాన్సర్‌తో పోయిందమ్మా."